ఆక్యురా ఆర్‌ఎస్‌ఎక్స్‌కి టార్క్ డ్యాంపర్: కొలతలతో ప్రాజెక్టు డైరీ

కారు: 2003 ఆక్యురా ఆర్‌ఎస్‌ఎక్స్ టైప్-ఎస్, ఆరు గేర్ల మాన్యువల్. జపాన్‌లో ఇదే కారు పేరు హోండా ఇంటెగ్రా.
ఇంజిన్: కే20ఏ2, 2 లీటర్లు, 200 హార్స్‌పవర్.
చోటు: డాలస్ శివార్లలో ఇంటి గ్యారేజీ.
పని: ఇంజిన్ ఊపు తగ్గించే డ్యాంపర్ బిగించడం.

ఈ డ్యాంపర్ బిగించడం గంట పని అని కిట్‌తో వచ్చిన కాగితం చెబుతుంది. నిజమే, బిగించడానికి గంట చాలు. బిగించాక అది పని చేస్తోందా, ఊరికే అందానికి కూర్చుందా అని తేల్చుకోవడానికే మిగతా సమయమంతా పట్టింది. డ్యాంపర్ కొనాలనుకునేవాళ్ళు కనీసం మొదటి రెండు దశలైనా చదివి, ఆ తర్వాతే కార్డు బయటికి తీయండి.

ముందు కాస్త లెక్క

ఈ కారులో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, తిప్పేది ముందు చక్రాలను. గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ ఇంజిన్‌తో కలిసి ఒకే ముద్ద. అందుకే చక్రాలకు ఎంత టార్క్ (తిప్పే బలం) వెళితే అంత ఎదురు టార్క్‌నీ ఇంజిన్ మౌంటింగులే (ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) మోయాలి. ఇంజిన్ గరిష్ఠ టార్క్ 193 న్యూటన్ మీటర్లు. మొదటి గేరు నిష్పత్తి 3.267, ఫైనల్ డ్రైవ్ (డిఫరెన్షియల్ దగ్గరి చివరి గేరు నిష్పత్తి) 4.389. మూడూ గుణిస్తే సుమారు 2,767 న్యూటన్ మీటర్లు. ఐదో గేరు నిష్పత్తి 0.921 కాబట్టి అక్కడ ఇదే లెక్క 780 దగ్గర ఆగుతుంది. కుదుపంతా ఒకటి, రెండు గేర్లలోనే ఎందుకు తెలుస్తుందో ఇక్కడే అర్థమవుతుంది. 2005, 2006 మోడళ్ళకు ఫైనల్ డ్రైవ్ అంకె ఇంకా పెద్దది, ఆ కార్లున్నవాళ్ళు లెక్క మళ్ళీ వేసుకోవాలి. ఇంజిన్ నిలువుగా ఉండి వెనక చక్రాలు తిరిగే కార్లలో ఫైనల్ డ్రైవ్ వెనక విడిగా ఉంటుంది, దాని వంతు ఇంజిన్ మౌంటింగుల దాకా రాదు.

యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ తల వెనక్కి, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) వైపు వాలుతుంది. వదిలితే ముందుకొస్తుంది. ఈ సమస్య ఇవాళ్టిది కాదు. 1959లో వచ్చిన మినీలో కూడా ఇంజిన్ అడ్డంగానే ఉండేది, దాని తలను ఫైర్‌వాల్‌కి పట్టి ఉంచడానికి రబ్బరు బుష్‌లున్న ఒక రాడ్ ఉండేది. ఆ బుష్‌లు అరిగితే క్లచ్ వదిలేటప్పుడు కారు వణికేది.

మన దగ్గర తిరిగే స్విఫ్ట్, ఐ20, పోలో అన్నీ ఇదే అమరిక. వాటికి డ్యాంపర్ అవసరం లేకపోయినా, కింద రాసిన మౌంటింగ్ పరీక్ష మాత్రం వాటికీ పనికొస్తుంది.

దశ 1: ఏమీ విప్పకముందు కొలత

కావలసినవి: 15 సెంటీమీటర్ల స్టీలు స్కేలు, సన్నటి ఇనుప తీగ, మాస్కింగ్ టేపు, స్లో మోషన్ ఉన్న ఫోను, క్లచ్ మీద అదుపున్న ఇంకో మనిషి. ఆ ఇంకో మనిషి మా బావమరిది.

1. టైమింగ్ చైన్ వైపు మౌంటింగ్ బ్రాకెట్ మీద తీగ ముక్కను టేపుతో గట్టిగా అతికించాను. ముల్లు అదే.
2. ముల్లు కొన పక్కనే ఆడేలా స్ట్రట్ టవర్‌కి (సస్పెన్షన్ పైకొన బిగించి ఉండే బాడీ భాగం) స్కేలు అతికించాను. స్కేలు బాడీ మీదే ఉంటుంది కాబట్టి కారు మొత్తం కదిలినా లెక్క చెడదు.
3. ఫోను స్టాండు మీద పెట్టి, సెకనుకు 240 ఫ్రేములతో రికార్డింగ్.
4. హ్యాండ్ బ్రేకు వేసి, కాలి బ్రేకు గట్టిగా తొక్కి, మొదటి గేరులో క్లచ్ పట్టుకునేదాకా నెమ్మదిగా వదలడం. ఇంజిన్ ఆగిపోయేలోపే క్లచ్ ఒక్కసారిగా మళ్ళీ తొక్కేయడం.
5. రివర్స్‌లో కూడా అదే.

కారు ముందూ వెనకా ఎవరూ నిలబడకూడదు. నేను ఫెండర్ పక్కన నిలబడ్డాను. గ్యారేజీ తలుపు పూర్తిగా తీసి ఉంచాలి.

రీడింగులు: మొదటి గేరులో ముల్లు 27 మి.మీ. వెనక్కి, రివర్స్‌లో 11 మి.మీ. ముందుకు. క్లచ్ తొక్కగానే ఇంజిన్ వెనక్కొచ్చి, ఆరు ఊపులు ఊగి ఆగింది.

27కి, 11కి అంత తేడా ఉండకూడదు. ఒకవైపు రబ్బరు చేతులెత్తేసిందన్నమాట. కారును జాక్ స్టాండుల మీదికెత్తి, కింద దూరి వెనక మౌంటింగ్‌ని ప్రై బార్‌తో కొద్దిగా ఎత్తి చూస్తే, రబ్బరు మధ్య చీలిక నోరు తెరిచింది. లోపల ఎండి, పొడిపొడిగా రాలుతోంది. పైనుంచి టార్చి వేసి చూస్తే ఈ చీలిక కనపడదు. ఇంజిన్ బరువుకి మూసుకుపోయి, మంచి మౌంటింగ్‌లాగే ఉంటుంది.

ఇలాంటి మౌంటింగ్ మీద డ్యాంపర్ పెడితే అది చేయలేని పని దాని నెత్తిన వేసినట్టే. చాలామంది చేసేదీ ఇదే. కారు కుదుపుతోంది, మౌంటింగ్ మార్చాలంటే కిందికి దూరాలి, డ్యాంపర్ అయితే బానెట్ తీసి పైనుంచే బిగించొచ్చు. కొన్నాళ్ళు బాగున్నట్టే ఉంటుంది కూడా.

ఇప్పటిదాకా ఖర్చు: స్కేలు, టేపు, జిప్ టైలు 9 డాలర్లు.

దశ 2: వెనక మౌంటింగ్ మార్పు

1. బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి. కారు జాక్ స్టాండుల మీద ఉండాలి, జాక్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.
2. గేర్‌బాక్సు కింద చెక్క దిమ్మ పెట్టి, ఫ్లోర్ జాక్‌తో బరువు కాస్త ఆనించాలి, ఎత్తేయకూడదు. ఆయిల్ పాన్ కింద నేరుగా జాక్ పెడితే పాన్ సొట్ట పడుతుంది.
3. వెనక మౌంటింగ్ బోల్టులు 14, 17 సాకెట్లతో వచ్చాయి. పొడవాటి ఎక్స్‌టెన్షన్ లేకపోతే ఒక బోల్టు అందదు.
4. కొత్తది పెట్టి బోల్టులన్నీ చేత్తో తిరిగినంతవరకే తిప్పాలి.
5. జాక్ దించి, ఇంజిన్ బరువు మౌంటింగ్ మీద పూర్తిగా కూర్చున్నాక, మాన్యువల్‌లోని అంకెకు టార్క్ రెంచ్‌తో బిగించాలి.

నాలుగు, ఐదు మెట్లే అసలు కీలకం. ఇంజిన్ జాక్ మీద ఉండగానే బిగిస్తే రబ్బరు మెలిక పడిన స్థితిలోనే ఉండిపోతుంది. కొత్త మౌంటింగ్ వేసినా వణుకు తగ్గలేదని వాపోయేవాళ్ళు ఇక్కడ ఒకసారి బోల్టులు వదులు చేసి, ఇంజిన్‌ను కుదురుకోనిచ్చి మళ్ళీ బిగించి చూడాలి. మాన్యువల్ కొత్త బోల్టు వేయమన్న చోట పాతది వాడకండి.

ఒకచోట బోల్టు తుప్పుకి బిగుసుకుపోయింది. పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేస్తే పొద్దున్న పొడవాటి హ్యాండిల్‌కి లొంగింది. పట్టనిదానికి ఇంపాక్ట్ గన్ పెట్టి తల తెంపుకోవడం కన్నా ఒక రాత్రి ఆగడమే నయం.

మళ్ళీ అదే పరీక్ష: వెనక్కి 15, ముందుకు 8, నాలుగు ఊపులు.

డ్యాంపర్ పెట్టె ఇంకా విప్పకముందే 12 మి.మీ. తగ్గింది. ఒకటి నుంచి రెండో గేరుకి మారేటప్పుడు వచ్చే కుదుపు సగానికి పైగా పోయింది. బావమరిది అయితే "ఇంకా ఆ డబ్బా ఎందుకు బావా, వెనక్కి పంపించెయ్" అన్నాడు. మామూలుగా ఆఫీసుకెళ్ళొచ్చే కారైతే వాడి మాటే కరెక్టు. ఈ కారు అప్పుడప్పుడు ఆటోక్రాస్‌కి (కోన్ల మధ్య టైము చూసుకుని నడిపే పోటీ) వెళుతుంది, అక్కడ ఆ నాలుగు ఊపులూ క్లచ్ దగ్గర తెలుస్తాయి.

మౌంటింగ్ 86, బోల్టులు 11. ఇప్పటిదాకా: 106 డాలర్లు.

దశ 3: డ్యాంపర్‌ని టేబుల్ మీదే పరీక్షించడం

కిట్‌లో ఉన్నవి: మోనోట్యూబ్ డ్యాంపర్ ఒకటి, రెండు చివర్లా పాలీయురెథేన్ బుష్‌లు, 3 మి.మీ. రేకుతో చేసిన రెండు బ్రాకెట్లు, ఎం8, ఎం10 బోల్టులు. షాఫ్ట్ పూర్తి స్ట్రోక్ వెర్నియర్‌తో కొలిస్తే 50 మి.మీ.

బాత్రూంలో ఉండే బరువు తూచే మిషన్ తెచ్చి, దానిమీద డ్యాంపర్‌ని నిలబెట్టి నొక్కాను. ముల్లుండే పాత రకం మిషన్ అయితేనే ఇది బాగా కనిపిస్తుంది. నెమ్మదిగా నొక్కితే మొదటి నుంచి చివరిదాకా 7 కిలోలు. విసురుగా నొక్కితే ముల్లు ఎగిరి 30 దాటింది. నొక్కి పట్టుకుని ఆగితే మళ్ళీ 7కే వచ్చింది. ఆ 7 లోపలి గ్యాస్ నెట్టుడు. మిగతాదంతా వేగానికి వచ్చే అడ్డు.

డ్యాంపర్ గురించి తెలుసుకోవలసిందల్లా ఈ మిషన్ మీదే ఉంది. అది ఇంజిన్ ఎంత వేగంగా కదులుతోందో పట్టించుకుంటుంది, ఎంత దూరం కదిలిందో దానికి అనవసరం. మొదటి గేరులో తొక్కి పట్టుకుంటే ఇంజిన్ మౌంటింగ్ రబ్బరు ఆపినచోటే ఆగుతుంది, డ్యాంపర్ ఉన్నా లేకున్నా. క్లచ్ పడేటప్పటి విసురుకి, ఆ తర్వాతి ఊపులకి మాత్రమే ఇది మందు. "ఇంజిన్ కదలిక ఆగిపోతుంది" అని అమ్మేవాళ్ళ మాట సగమే నిజం.

గ్యాస్ నెట్టుడు వల్ల ఇంకో చిన్న సంగతి ఉంది. బిగించాక ఇంజిన్ నిలకడగా ఉన్నప్పుడు కూడా డ్యాంపర్ దాన్ని ముందుకు తోస్తూనే ఉంటుంది. స్కేలు మీద అది అర మిల్లీమీటరే, వదిలేయొచ్చు. రాత్రిపూట ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు సున్నా గుర్తు కాస్త జరిగినట్టు కనిపిస్తే కంగారు పడకండి.

కిట్ 149. ఇప్పటిదాకా: 255 డాలర్లు.

దశ 4: బిగింపు, రెండు తలనొప్పులు

ఒక చివర మౌంటింగ్ బ్రాకెట్ దగ్గర ఇంజిన్ వైపు, రెండో చివర స్ట్రట్ టవర్ పై నట్ల కింద.

స్ట్రట్ టవర్ దగ్గర జాగ్రత్తలు:

1. మధ్యలో ఉన్న పెద్ద నట్టు జోలికి పోకూడదు. దాని కింద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. చుట్టూ ఉన్న చిన్న నట్లే మన పని.
2. చక్రాలు నేల మీద ఉండగానే విప్పాలి.
3. విప్పేముందు నట్ల చుట్టూ పెయింట్ పెన్నుతో గీత గీయాలి. రంధ్రాల్లో స్టడ్‌లకి కొంచెం సందు ఉంటుంది. జరిగితే క్యాంబర్ (చక్రం పక్కకి వాలే కోణం) మారుతుంది.
4. ఒకేసారి అన్నీ కాదు, ఒకటి విప్పి బ్రాకెట్ దూర్చి చేత్తో బిగించాకే రెండోది.
5. బ్రాకెట్ మందం స్టడ్ మర కొంత మింగేస్తుంది. నట్టు బిగించాక రెండు మరలైనా బయటికి కనిపించాలి. నాకు మూడు కనిపించాయి.

ఎం8 బోల్టులు 22, ఎం10 బోల్టులు 44 న్యూటన్ మీటర్లకు బిగించాను.

బానెట్ మూసేముందు డ్యాంపర్‌కి అన్నిటికన్నా ఎత్తైన చోట పిల్లలు ఆడుకునే మెత్తటి క్లే ముద్ద పెట్టి, బానెట్ నెమ్మదిగా దించి ఎత్తాను. అణగ్గా మిగిలింది 13 మి.మీ. ఇంజిన్ వాలినప్పుడు ఆ చివర కాస్త పైకి కూడా లేస్తుంది కాబట్టి 10కి తక్కువుంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు.

మొదటి తలనొప్పి, దబ్ మన్న చప్పుడు. క్లచ్ కాస్త గట్టిగా వదిలితే లోపల లోహానికి లోహం తగులుతోంది. వెర్నియర్ పెట్టి చూస్తే షాఫ్ట్ లోపలికి వెళ్ళడానికి మిగిలింది 11 మి.మీ., బయటికి రావడానికి 39. కిట్ కాగితం ఇచ్చిన పొడవుకి పెడితే వచ్చే స్థితి ఇది. ఇంజిన్ వెనక్కి వాలితే డ్యాంపర్ నలుగుతుంది, ఎక్కువ కదలిక కూడా అటువైపే. అంటే లోపలికి ఎక్కువ చోటు కావాలి, కాగితం దానికి సరిగ్గా తలకిందులుగా ఇచ్చింది. చివర రాడ్ ఎండ్ (మరతో బిగించే కొస చెవి) లాక్ నట్టు వదులు చేసి, మర లోపలికి తిప్పి పొడవు తగ్గించాను. ఇప్పుడు లోపలికి 30, బయటికి 20. రాడ్ ఎండ్ మర కనీసం దాని మందానికి ఒకటిన్నర రెట్లు లోపల ఉండేలా చూసుకోవాలి. చప్పుడు పోయింది.

రెండోది వణుకు. ఈ ఇంజిన్ ఐడిల్ 750 దగ్గర. నాలుగు సిలిండర్లకి సెకనుకు 25 పేలుళ్ళు, అదే 25 హెర్ట్జ్ వణుకు. డ్యాష్‌బోర్డు మీద ఫోను పెట్టి వైబ్రేషన్ యాప్‌తో చూస్తే మౌంటింగ్ మార్చాక 0.02 జీ (భూమి గురుత్వ త్వరణంతో పోల్చిన కొలత) ఉన్నది, డ్యాంపర్ పెట్టాక 0.05 అయింది. డాలస్ ఎండల్లో ఏసీ ఆపే ప్రసక్తే లేదు. ఏసీ కంప్రెసర్ తోడైతే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా అద్దం వణికి వెనకున్న కారు నంబరు కనిపించట్లేదు.

కారణాలు రెండు. పైనుంచి స్కేలు ఆనించి చూస్తే రెండు బ్రాకెట్ల చెవులు ఒకే గీత మీద లేవు, 7 మి.మీ. పక్కకున్నాయి. షాఫ్ట్ పక్కకి ఒత్తుకుని బుష్ మెలిక పడింది. ఇంజిన్ వైపు చెవి దగ్గర 7 మి.మీ. స్టీలు స్పేసర్ వేసి, ఎం10 బోల్టు పొడవుది తెచ్చాను. ఇక పాలీయురెథేన్ బుష్. చిన్న కదలికని మింగడం దానికి రాదు. అదే కొలతలో రబ్బరు బుష్‌లు దొరికాయి, మార్చేశాను. 0.05 కాస్తా 0.025కి దిగింది. రేసుకే వాడే కారైతే పాలీయే ఉంచుకోవచ్చు. రోజూ నడిపే కారుకి రబ్బరే.

స్పేసర్, బోల్టు 7, బుష్‌లు 18. ఇప్పటిదాకా: 280 డాలర్లు.

దశ 5: జిప్ టై చెప్పిన సంగతి

డ్యాంపర్ షాఫ్ట్ చుట్టూ సన్నటి జిప్ టై బిగించి, డ్యాంపర్ బాడీకి ఆనేదాకా తోశాను. షాఫ్ట్ లోపలికి వెళ్ళినంత దూరం అది జరిగి అక్కడే ఉండిపోతుంది. సైకిల్ ఫోర్కులకి కూడా ఇలాగే చేస్తారు.

డ్యాంపర్ సరిగ్గా ముందూ వెనకా దిశలో లేదు. స్ట్రట్ టవర్ పక్కకుంటుంది కాబట్టి 30 డిగ్రీల ఏటవాలు. 30 డిగ్రీల కొసైన్ 0.87. ముల్లు 14 కదిలితే షాఫ్ట్ 12 కదలాలి. 45 డిగ్రీలైతే పదికి దిగుతుంది, అందుకే వీలైనంత ముందూ వెనకా దిశలోనే పెట్టుకోవాలి.

పరీక్షలో ముల్లు 14 కదిలింది. జిప్ టై ఆరు దగ్గరే ఆగింది.

ఊపులు మూడు. నాలుగు కాస్తా మూడైంది, అంతే. 149 డాలర్లకి ఒక ఊపు.

ఆ మిగతా 6 మి.మీ. ఎటు పోయిందో స్లో మోషన్ వీడియోలో మొదట నాకు కనపడలేదు, నేను చూస్తున్నది ముల్లుని. బావమరిది స్క్రీన్ మీద వేలు పెట్టి, "బావా, ఇంజిన్ని కాదు, ఆ టవర్ మీద రేకుని చూడు" అన్నాడు. బ్రాకెట్ మడత దగ్గర తల ఊపుతోంది. ఇంజిన్ వెనక్కి రాగానే 3 మి.మీ. రేకు వంగి, డ్యాంపర్ కదలాల్సినంత కదలకముందే తిరిగి లేస్తోంది. స్ప్రింగు పట్టీలా పని చేస్తోందది. దగ్గరగా చూస్తే మడత లోపలివైపు నల్ల పెయింట్ వెంట్రుకవాసి బీటలు కూడా వేసింది. ఇంకొన్నాళ్ళు అలాగే వాడి ఉంటే అక్కడే విరిగేది.

మార్పు:

1. బ్రాకెట్ ఆకారం అట్ట మీద గీసి, 5 మి.మీ. మైల్డ్ స్టీలు ప్లేటులో కోయించాను. మడత బదులు రెండు ముక్కల్ని వెల్డింగ్.
2. మూల దగ్గర త్రికోణం ఆకారంలో గస్సెట్. అసలు బలమంతా దీనిదే. గస్సెట్ లేకుండా 5 మి.మీ. ప్లేటు ఒక్కటే పెట్టినా వంగుడు పూర్తిగా పోదు.
3. డ్యాంపర్ చెవిని టవర్ ఉపరితలానికి 22 మి.మీ. దగ్గరికి దించాను. కిట్‌లో ఇది 41 ఉండేది. ఎత్తు తగ్గితే బ్రాకెట్‌ని వంచే బలమూ అదే నిష్పత్తిలో తగ్గుతుంది.
4. రంధ్రాల అంచులు ఆకురాయితో నున్నగా చేసి, పెయింట్. నట్లు కూర్చునే చోట మాత్రం పెయింట్ వేయలేదు. పెయింట్ నలిగితే నట్టు వదులవుతుంది.

ప్లేటు మందం పెరిగింది కాబట్టి స్టడ్ మరలు మళ్ళీ చూశాను. మూడు కనిపించేవి, ఇప్పుడు రెండు. ఇంతకన్నా మందం పెట్టడానికి వీల్లేదు. చెవి దించినందుకు బానెట్ సందు కూడా పెరిగింది, క్లే ముద్ద అణగ్గా 20 మి.మీ. మిగిలింది.

ప్లేటు కోత, వెల్డింగ్ 60, పెయింట్ 8. ఇప్పటిదాకా: 348 డాలర్లు.

దశ 6: చివరి రీడింగులు

పాత మౌంటింగ్: వెనక్కి 27, ముందుకు 11, ఆరు ఊపులు.
కొత్త మౌంటింగ్ ఒక్కటే: 15, 8, నాలుగు ఊపులు.
కిట్ బ్రాకెట్‌తో డ్యాంపర్: 14, 8, మూడు ఊపులు, జిప్ టై 6.
5 మి.మీ. బ్రాకెట్‌తో: 14, 7, ఒకటిన్నర ఊపు, జిప్ టై 12.

27 నుంచి 14కి తగ్గిన దూరంలో డ్యాంపర్ వాటా ఒక్క మిల్లీమీటరు. ఊపులు తగ్గడం మాత్రం దాని పుణ్యమే, అదీ బ్రాకెట్ మార్చాక.

రోడ్డు మీద: రెండో గేరులో ట్రాఫిక్‌లో యాక్సిలరేటర్ వదిలి తొక్కి, వదిలి తొక్కి వెళ్ళేటప్పటి తల ఊపుడు పోయింది. ఒకటి నుంచి రెండుకి వేగంగా మార్చినా గేర్ లివర్ చేతిలో తన్నట్లేదు. తడి రోడ్డు మీద బలంగా బయల్దేరితే చక్రం ఇంకా ఎగురుతోంది, ముందుకన్నా తక్కువ. దానికి టైర్లు, కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు కూడా కారణమే, అన్నీ దీని మీద వేయడం సరికాదు. కారు స్పీడేమీ పెరగలేదు.

వేడి: ఈ ఇంజిన్‌కి ఎగ్జాస్ట్ వెనకవైపు, అంటే డ్యాంపర్ ఉన్నవైపే. గంటసేపు నడిపి వచ్చి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తే డ్యాంపర్ బాడీ 71 డిగ్రీలు. సీలుకి ఇబ్బంది లేదు. ఎగ్జాస్ట్ మీద హీట్ షీల్డు తీసేసిన కార్లలో ఈ కొలత తప్పకుండా తీసుకోండి.

500 మైళ్ళ తర్వాత అన్నిటికీ మళ్ళీ టార్క్ రెంచ్ పెట్టాను. స్ట్రట్ నట్లు కదల్లేదు, పెన్ను గీతలు కలిసే ఉన్నాయి, అలైన్‌మెంట్ చేయించాల్సిన పని పడలేదు. ఇంజిన్ వైపు ఎం8 బోల్టు ఒకటి ఎనిమిదో వంతు చుట్టు తిరిగింది. దానికి నైలాన్ లాక్ నట్టు వేశాను.

తర్వాత చూడాల్సింది చైన్ వైపు మౌంటింగ్. ఈ కారులో దాంట్లో ద్రవం ఉంటుంది, కింద సన్నటి నల్లటి తడి కనిపిస్తోంది. కొత్తది ఆర్డర్ పెట్టాను. అది మార్చాక సున్నా గుర్తు జరుగుతుంది కాబట్టి డ్యాంపర్ పొడవు 30, 20కి మళ్ళీ సరిచేయాలి, ఈ రీడింగులన్నీ మళ్ళీ తీయాలి.